నాలుగో బోరులో పెట్రోల్ పొర పోయింది, ఎండల్లో మళ్లీ వచ్చింది. కొత్త లీకా, పాతదేనా?

బంకుబాబు
అందరికీ నమస్కారం. నేను ఒక పెట్రోల్ బంకులో మేనేజర్‌ని. రెండేళ్ల కిందట మూడో డిస్పెన్సర్ కింద పైపు జాయింటు కారుతోందని బయటపడింది. ఎన్నాళ్ల నుంచి కారిందో ఎవరికీ తెలీదు. పైపు మార్చారు, కింద తడిసిన మట్టి కొంత తీశారు, ఆవరణలో ఆరు పరిశీలన బోర్లు వేశారు. నాలుగో బోరులో నీళ్ల మీద 38 సెంటీమీటర్ల పెట్రోల్ తేలింది. కాంట్రాక్టర్ మనుషులు వారానికోసారి వచ్చి బెయిలర్‌తో (తాడుకి కట్టి దింపే గొట్టం) తోడేవాళ్లు, తర్వాత పైన తేలే పెట్రోల్‌ని మాత్రమే లాగే స్కిమ్మర్ పెట్టారు. వానలు పడ్డాక చూస్తే పొర సున్నా. వరసగా మూడు నెలలు సున్నా. తేలే పెట్రోల్ లేదు, పెట్రోల్‌లోంచి నీళ్లలోకి కరిగే విషం బెంజీన్ కూడా లేదు, ఇక పని ముగించవచ్చు అని రిపోర్టు ఇచ్చి బిల్లు తీసుకుని వెళ్లారు.

మొన్న ఎందుకో అనుమానం వచ్చి నేనే ఆ మూత తీయించాను. గుప్పుమని వాసన. కొలిపిస్తే 31 సెంటీమీటర్లు! కాంట్రాక్టర్‌ని పిలిస్తే "ఇది కొత్త లీకు, మాకు సంబంధం లేదు" అంటున్నాడు. ట్యాంకులకీ లైన్లకీ టెస్టు చేయించాం, పాసయ్యాయి. ఓనర్ మాత్రం నా మీదే కేకలు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

తవ్వేద్దాం
నా మాట వినండి. ఈ స్కిమ్మర్లు, బెయిలర్లు అన్నీ కాలక్షేపం. మొత్తం తవ్వి ఎత్తిపారేయండి, పీడా పోతుంది.

జలరేఖ
బాబు గారూ, ఒక్క విషయం చూసి చెప్పండి. బోరు వేసిన రోజున ఇచ్చిన లాగ్ షీటులో పైపుకి స్లాట్లు, అంటే నీళ్లు లోపలికి వచ్చే చీలికలు, ఎంత లోతు నుంచి మొదలయ్యాయో ఉంటుంది. దాంతోపాటు వానల్లో నీటిమట్టం ఎంతలో ఉండేది, ఇప్పుడు ఎంతలో ఉంది? పెట్రోల్ పైభాగం, పెట్రోల్‌కీ నీళ్లకీ మధ్య గీత, రెండూ విడివిడిగా కావాలి.

తవ్వేద్దాం గారూ, వాళ్ల నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలియకుండానే పొక్లెయిన్ పిలిస్తే ఎలా?

బంకుబాబు
లాగ్ షీటు దొరికింది మేడమ్, బీరువా అడుగున ఉంది. స్లాట్లు 6 మీటర్ల నుంచి 12 మీటర్ల వరకు. వానల్లో నీళ్లు 5.6 మీటర్లలో ఉన్నాయి, మూడు నెలలూ దాదాపు అంతే. ఇప్పుడు పెట్రోల్ పైభాగం 7.90, కింది గీత 8.21.

జలరేఖ
అయితే దొంగ దొరికినట్టే. స్లాట్లు మొదలయ్యేది 6 మీటర్ల దగ్గర. వానల్లో నీళ్లు అంతకన్నా 40 సెంటీమీటర్లు పైకి వచ్చాయి. పెట్రోల్ నీళ్ల మీద తేలుతుంది కదా, అది బయట మట్టిలో 5.6 దగ్గర ఉంటే ఇక్కడ పైపుకి చిల్లులే లేవు. లోపలికి ఎక్కడినుంచి వస్తుంది? కిటికీ లేని గోడకి కన్ను ఆనించి "బయట ఎవరూ లేరు" అన్నట్టుంది ఆ మూడు నెలల సున్నా. పెట్రోల్ కోసం వేసే బోరుకి స్లాట్లు ఏడాదిలో నీళ్లు ఎక్కే ఎత్తు కంటే పైన మొదలై, దిగే లోతు కంటే కింద ముగియాలి. మీది ఎండాకాలంలో వేసినట్టున్నారు, ఆ రోజు కనిపించిన నీటిమట్టాన్నే నమ్ముకున్నారు.

ఇంకో సంగతీ ఉంది. స్లాట్లు సరిగ్గా ఉన్నా పొర సన్నబడేదే. నీటిమట్టం పెరిగినప్పుడు పెట్రోల్‌లో కొంత మట్టి రేణువుల మధ్య చిన్న చిన్న బొట్లుగా నీళ్ల కింద ఇరుక్కుపోతుంది. నీళ్లు దిగాక ఆ బొట్లు మళ్లీ కలిసి బోరులోకి జారతాయి. ఏడాదికోసారి నీళ్లు ఎక్కి దిగే ఆ రెండు మూడు మీటర్ల మందమంతా పెట్రోల్ పూసినట్టు అయిపోతుంది. మీ దగ్గర అసలు సరుకు దాక్కుంది అక్కడే.

డిప్‌రాడ్ తాతయ్య
ముప్పై ఏళ్లు బంకుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. బాబూ, అమ్మాయి చెప్పింది నిజమే అనిపిస్తోంది గానీ టెస్టు పాసయ్యిందని నిశ్చింతగా కూర్చోకు. ఏ టెస్టుకైనా ఒక హద్దు ఉంటుంది. అమెరికా నిబంధనల్లో ట్యాంకులో ఉండే ఆటోమేటిక్ గేజ్ నెలవారీ పరీక్షలో గంటకి 0.2 గ్యాలన్ల కారుడు పట్టుకోవాలి. అంటే ముప్పావు లీటరు. అంతకంటే కాస్త తక్కువ కారితే అది పాసే. కానీ గంటకి ముప్పావు లీటరు చొప్పున నెల తిరిగేసరికి 500 లీటర్లు దాటుతుంది కదా.

స్టాక్ వేరియేషన్ రిజిస్టరు తీసి చూడు. ఒక్కో రోజు లెక్క చూస్తే ఏమీ తెలీదు. 10,000 లీటర్ల పెట్రోల్ పది డిగ్రీలు చల్లబడితే 95 లీటర్ల దాకా తగ్గినట్టు కనిపిస్తుంది, ఎక్కడా కారకుండానే. మేం ట్యాంకర్ నుంచి వేడిగా దిగిన లోడ్ రాత్రికి ఎంత కుంగుతుందో చూసి నవ్వుకునేవాళ్లం. నువ్వు చూడాల్సింది నెలల తరబడి తరుగు ఒకే వైపు పోతోందా అని. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ వస్తుంటే అది ఉష్ణోగ్రత, కొలత తేడా. రోజూ తక్కువే వస్తుంటే ఎక్కడో పోతోంది. ఇంకోటి, లైను లీకైతే ఎక్కువగా పంపు నడిచినప్పుడే కారుతుంది. అమ్మకం ఎక్కువున్న రోజుల్లో తరుగు కూడా ఎక్కువుందేమో చూడు.

బంకుబాబు
తాతగారూ, పైపు మార్చక ముందు ఎనిమిది నెలలు వరసగా తరుగే ఉంది. మార్చాక పైకీ కిందకీ ఊగుతోంది. ఈ లెక్క నేను అప్పుడే చూసి ఉంటే...

వయల్‌నలభై
ల్యాబ్‌లో ఉంటాను, అందుకే ఈ పేరు. కొత్తదా పాతదా అని మీరంతా ఇంత కొట్టుకోవడం ఎందుకు? నాలుగో బోరు పొరలోంచి కొంచెం, ఇప్పుడు ట్యాంకులో ఉన్న పెట్రోల్ కొంచెం, రెండూ ఒకేసారి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో (కలిసి ఉన్న పదార్థాల్ని విడదీసి గ్రాఫుగా చూపే యంత్రం) నడిపించండి. రెండేళ్లు మట్టిలో ఉన్న పెట్రోల్‌లో తేలికపాటివి ఎగిరిపోయి ఉంటాయి. బెంజీన్, టోలీన్ ఎక్కువగా నీళ్లలోకి కరిగి కొట్టుకుపోయి, ఇథైల్‌బెంజీన్, జైలీన్‌ల పాలు పెరిగి ఉంటుంది. తాజా సరుకులో ఆ నిష్పత్తి వేరు. గ్రాఫులు పక్కపక్కన పెడితే తేడా మామూలు కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్న. "కరిగిన బెంజీన్ లేదు" అన్నారు కదా, ఆ రిపోర్టులో డిటెక్షన్ లిమిట్, అంటే ల్యాబ్ పట్టుకోగల కనీస మోతాదు, ఎంత రాశారు? శాంపిల్ దేంట్లో పట్టారు?

బంకుబాబు
రిపోర్టు చూశాను సార్. "బెంజీన్: లీటరుకి 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ" అని ఉంది. శాంపిల్ మా కుర్రాడి ముందే పట్టారట. లీటరు ప్లాస్టిక్ సీసాలో, మెడ దాకా.

వయల్‌నలభై
రెండూ తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి చెప్పిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు, అమెరికాలో 5. మీ ల్యాబ్ 100 మైక్రోగ్రాముల లోపు ఏదున్నా చూడలేదు. "లేదు" అని కాదు దాని అర్థం, "మా కంటికి ఆనలేదు" అని. హద్దుకి తొమ్మిది రెట్లు ఉన్నా ఆ కాగితం మీద అదే వాక్యం వస్తుంది.

ఇక సీసా సంగతి. బెంజీన్ గాలి దొరికితే చాలు ఎగిరిపోతుంది. అందుకే 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌లో, మూతలో టెఫ్లాన్ బిళ్లతో, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా పడతారు. నీళ్లు అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి గోరుతో తట్టాలి. బుడగ పైకి లేచిందా, కొత్త వయల్ తీసుకోండి. సూక్ష్మజీవులు దారిలో తినేయకుండా హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు వేసి, ఐసులో పెట్టి, 14 రోజుల లోపు పరీక్ష చేయాలి. దాంతో పాటు ల్యాబ్ నుంచి శుభ్రమైన నీళ్లు నింపిన ఒక వయల్ మూత తీయకుండా మీ దాకా వచ్చి తిరిగి వెళ్లాలి. దాంట్లో బెంజీన్ కనిపించిందంటే పెట్టెలోనే అంటుకుంది. బంకులో శాంపిల్ పట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం, పక్కనే ట్యాంకర్ లోడ్ దింపుతుంటే గాలి నిండా అదే ఉంటుంది.

పట్టే కుర్రాడు నాజిల్ పట్టిన చేతులతో వయల్ ముట్టుకోకూడదు. నవ్వకండి, ఆ చేతి వల్ల ఒక కేసు మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది మాకు.

జలరేఖ
తోడడం కూడా నెమ్మదిగా ఉండాలి. నిమిషానికి అర లీటరు లోపు. బెయిలర్‌ని ధభీమని వదిలితే నీళ్లు గిలకొట్టినట్టయి బెంజీన్ అక్కడే పోతుంది. పీహెచ్, కండక్టివిటీ, కరిగిన ఆక్సిజన్ నిలకడకి వచ్చాకే పట్టాలి. అన్నట్టు పెట్రోల్ పొర ఉన్న బోరులో మామూలు సబ్‌మెర్సిబుల్ మోటారు దింపొద్దు, ఎవరు చెప్పినా సరే. గాలిలో 1.4 శాతం పెట్రోల్ ఆవిరి ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది.

బాబు గారూ, మిగతా బోర్ల మట్టాలు కూడా పెట్టండి. పైపుల మూతుల ఎత్తులు సర్వే చేసి ఒక లెవెల్‌కి సవరించిన అంకెలు కావాలి.

బంకుబాబు
రెండో బోరు 7.88, ఆరో బోరు 8.09. నీళ్లు ఎటు పారుతున్నాయో చూపే కొత్త మ్యాపులో కూడా నాలుగో దానికి 8.21 అని వేశారు. బాణాలన్నీ నాలుగో బోరు వైపు చూపిస్తున్నాయి. నీళ్లు అన్ని వైపుల నుంచి అక్కడికే వస్తున్నాయి, బయటికి పోవడం లేదు అని రాశారు. ఆరోది వెనక ప్రహరీ పక్కన ఉంది. ప్రహరీ అవతల ఇల్లు. వాళ్లకి బోరు ఉంది.

జలరేఖ
అదే నా భయం. 8.21 అనేది నీటిమట్టం కాదు, 31 సెంటీమీటర్ల పెట్రోల్ బరువుకి కిందికి నొక్కుకుపోయిన మట్టం. పెట్రోల్ సాంద్రత 0.74 అనుకుంటే 31 సెంటీమీటర్ల పెట్రోల్ 23 సెంటీమీటర్ల నీళ్లతో సమానం. ఆ 23 తీసేస్తే అసలు మట్టం 7.98. ఇప్పుడు వరసగా చూడండి: రెండో బోరు 7.88, నాలుగు 7.98, ఆరు 8.09. నీళ్లు రెండు నుంచి నాలుగు మీదుగా ఆరుకి, అక్కడి నుంచి ప్రహరీ అవతలికి పోతున్నాయి. ఒక్క సవరణ మరిచిపోయినందుకు బాణం తిరగబడింది.

ఆ ఇంటివాళ్లకి ఇవాళే చెప్పండి. రిజల్టు వచ్చేదాకా ఆ నీళ్లు తాగొద్దని చెప్పండి.

పక్కింటి బోరు
నేను వేరే చోట అచ్చం ఇలా బంకు వెనకే ఉంటున్నాను, చదువుతుంటే గుండె దడగా ఉంది. మా నీళ్లలో వాసన లేదు, టీడీఎస్ మీటర్ కూడా బాగానే చూపిస్తోంది. అయినా పరీక్ష చేయించాలా? ఆర్‌ఓ ఉంది, కాచుకుని తాగితే సరిపోదా?

వయల్‌నలభై
అమ్మా, టీడీఎస్ మీటర్ చూసేది ఉప్పులనే, బెంజీన్‌ని కాదు. వాసన లేదంటే బెంజీన్ లేదనీ కాదు, హద్దుకి ఎన్నో రెట్లు దాటితే గానీ ముక్కుకి తెలియదు. కాచడం అన్నిటికంటే చెడ్డది, నీళ్లలో ఉన్నది వంటింటి గాలిలోకి వస్తుంది, మీరు పీలుస్తారు. వేడినీళ్ల స్నానం కూడా అంతే. ఆర్‌ఓ పొర ఒక్కదాన్నే నమ్మలేం. యాక్టివేటెడ్ కార్బన్ పట్టుకుంటుంది గానీ అది నిండిపోయిందని ఏ లైటూ వెలగదు. ముందు పరీక్ష చేయించండి. డిటెక్షన్ లిమిట్ ఒక మైక్రోగ్రాముకి తక్కువ ఉన్న ల్యాబ్ అయితేనే ఇవ్వండి.

తవ్వేద్దాం
సరే, ఇప్పుడైనా ఒప్పుకుంటారా? ఇంత దూరం వచ్చాక తవ్వడమే కదా దారి?

మట్టిపురుగు
అన్నా, ఎనిమిది మీటర్లు తవ్వాలంటే ట్యాంకులు లేపాలి, షెడ్డు దించాలి, నీళ్లు తోడుతూ ఉండాలి. ట్యాంకులు ఎలాగూ మారుస్తున్నప్పుడైతే తవ్వడం బంగారం లాంటి పని, కాదనను. నడుస్తున్న బంకులో కుదరదు.

నేను చూసిన చోట్ల బాగా పనిచేసింది గాలి. ఒక చిన్న లెక్క చెబుతా. కిలో పెట్రోల్‌ని సూక్ష్మజీవులు పూర్తిగా తినేయాలంటే మూడు కిలోలకు పైనే ఆక్సిజన్ కావాలి. నీళ్లలో గాలి నుంచి కరిగేది లీటరుకి 8 మిల్లీగ్రాముల చొప్పున. అంటే ఆ మూడు కిలోలూ నీళ్ల ద్వారా అందాలంటే 3 లక్షల 75 వేల లీటర్లు పారాలి. అదే గాలిలో అయితే 11 ఘనపు మీటర్లు చాలు, చిన్న గదిలో సగం కూడా కాదు. అందుకే నీళ్లు దిగి ఆ పూత పట్టిన మట్టి బయటపడినప్పుడు బ్లోయర్‌తో మట్టిలోంచి ఆవిరి లాగాలి. తేలికవి ఆవిరై కార్బన్ డ్రమ్ములోకి వస్తాయి, లోపలికి వెళ్లిన గాలితో మిగతావి పురుగులు తింటాయి. నీటిమట్టం కింద ఉన్నవాటికి నీళ్లలోకే గాలి బుడగలు పంపొచ్చు. కానీ పెట్రోల్ పొర మందంగా ఉండగా బుడగలు పంపొద్దు, పక్కకి తోసేస్తుంది. పైన ఆవిరి లాగే ఏర్పాటు లేకుండా అసలు వద్దు, పక్కింటి గదిలోకి పోతుంది.

ఇసుక మట్టి అయితే ఇది హాయిగా సాగుతుంది. బంకమట్టి అయితే మాత్రం గాలి పగుళ్ల వెంట పోతుంది, మిగతా మట్టి అలాగే ఉంటుంది. ముందు ఒక బోరు మీద రెండు రోజులు ట్రయల్ వేసి, పక్క బోర్లలో ఎంత పీడనం తగ్గిందో చూసుకోండి.

తవ్వేద్దాం
మరి నీళ్లు తోడి శుద్ధి చేసి వదిలితే?

జలరేఖ
ప్లూమ్, అంటే బెంజీన్ కలిసి పారే నీళ్ల పాయ, ప్రహరీ దాటకుండా ఆపడానికి పనికొస్తుంది. శుభ్రం చేయడానికి మాత్రం కాదు. మొదటి కొన్ని నెలలు బెంజీన్ బాగా పడిపోతుంది, తర్వాత ఒక అంకె దగ్గర మొండికేస్తుంది. పంపు ఆపిన ఆరు నెలలకి మళ్లీ లేస్తుంది, ఎందుకంటే మట్టిలో బొట్లు అలాగే ఉన్నాయి. ఒక శాతం బెంజీన్ ఉన్న పెట్రోల్‌ని ఆనుకున్న నీళ్లలో లీటరుకి 20 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. హద్దుకి రెండు వేల రెట్లు. ఆ మూలం ఉన్నంతకాలం ఎంత తోడినా తరగదు. పైగా పెట్రోల్ ఉన్న చోట ఆక్సిజన్ అయిపోయి ఇనుము నీళ్లలో కరుగుతుంది. అది పైకి వచ్చి గాలి తగలగానే తుప్పు రంగులో గడ్డకట్టి ఫిల్టర్లు పూడుస్తుంది. వారానికోసారి కడుక్కోవడమే పని.

మట్టిపురుగు
అలాగని భయపడి అన్నీ కొనేయకండి. మూలం తీసేస్తే మిగతాది ప్రకృతే చాలావరకు చూసుకుంటుంది. 1995లో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు కాలిఫోర్నియాలో కారిన ఇంధన ట్యాంకుల రికార్డులు తిరగేస్తే బెంజీన్ ప్లూమ్‌లు ఎక్కువగా ఎనభై మీటర్ల లోపే ఆగిపోయాయని తేలింది. సూక్ష్మజీవులు ముందు ఆక్సిజన్, తర్వాత నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్, చివరికి మీథేన్ దాకా ఒక్కో మెట్టు దిగుతూ తింటూనే ఉంటాయి. మిన్నెసోటాలో బెమిడ్జి దగ్గర 1979లో పైప్‌లైన్ పగిలి ముడిచమురు భూమిలోకి పోయిన చోట దశాబ్దాలుగా ఇదే కొలుస్తున్నారు.

జలరేఖ
బెంజీన్‌కి అది నిజం. కానీ ప్రతి పదార్థానికీ కాదు. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఊరి తాగునీటిలో సగం దాకా ఇచ్చే బావుల్ని మూసేయాల్సి వచ్చింది, పెట్రోల్‌లో కలిపే ఎంటీబీఈ వల్ల. అది నీళ్లలో చక్కగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, పురుగులకి రుచించదు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ అయితే ఇంకో తంటా. పురుగులు ముందు ఇథనాల్‌ని తిని ఉన్న ఆక్సిజన్ ఖర్చు చేసేస్తాయి, బెంజీన్ ఆ మేరకు ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి "ప్రకృతి చూసుకుంటుంది" అనాలంటే ఏడాదికి నాలుగుసార్లు కొలిచి, కనీసం ఒక పూర్తి చుట్టు నీళ్లు ఎక్కి దిగడం చూసి అనాలి. మంచి అంకె ఒక్కటి వస్తే చాలదు. ఆ అంకె వచ్చిన రోజు నీళ్లు ఎంతలో ఉన్నాయో పక్కన రాయని రిపోర్టుని నేను చదవను.

బంకుబాబు
*(అయిదు వారాల తర్వాత)*
అందరికీ ఒకేసారి చెబుతున్నా. పొర, ట్యాంకు శాంపిల్ పక్కపక్కన నడిపించాం. పొర పాతదే. టోలీన్ బాగా తగ్గిపోయి ఉంది, తేలికవి దాదాపు లేవు. ఓనర్ ఆ రెండు గ్రాఫులు చూసి అయిదు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత కాఫీ తెప్పించాడు.

ఆరో బోరు నీళ్లు వయల్‌లో పట్టి పంపితే బెంజీన్ 86 మైక్రోగ్రాములు. పాత రిపోర్టులో ఇదే "లేదు". వెనకింటి బోరులో 0.5 కంటే తక్కువ వచ్చింది. అయినా వాళ్లకి తాగే నీళ్లు మేమే పంపిస్తున్నాం, మూడు నెలలకోసారి పరీక్ష కూడా. ఆ ఇంటాయన మొదట గేటు దగ్గరే నిలబెట్టి తిట్టాడు. కాగితం చేతికిచ్చి డిటెక్షన్ లిమిట్ అంటే ఏమిటో నేనే చెప్పాల్సి వచ్చింది.

నాలుగో బోరు పక్కనే కొత్తది వేయించాం, స్లాట్లు 4 మీటర్ల నుంచి 11 దాకా. లాగ్ షీటు బీరువాలో పెట్టలేదు, ఫోటో తీసి ముగ్గురికి పంపాను. పాత కాంట్రాక్టర్‌తో మాట్లాడటం ఓనర్ చూసుకుంటున్నాడు.

డిప్‌రాడ్ తాతయ్య
86 అంటే గాభరా పడకు బాబూ, తెలిసింది కదా. బ్లోయర్ ఎప్పుడు పెడుతున్నారు?

బంకుబాబు
ట్రయల్ అయింది తాతగారూ. మా మట్టి కింద ఇసుకేనట, అయిదు మీటర్ల దూరంలో ఉన్న బోరులో కూడా పీడనం తగ్గింది. వచ్చే సోమవారం బిగిస్తున్నారు. నీళ్లు ఇప్పుడు 8.3లో ఉన్నాయి, వానలు రావడానికి ఇంకా ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో ఒక్క రోజు కూడా ఆపొద్దని మేడమ్ చెప్పారు. జనరేటర్ డీజిల్‌కి నిన్నే సంతకం పెట్టించాను.